ఒకే నంబరు, ఆరుగురు మనుషులు

నేను ఖాళీ చేసిన కుర్చీలో ఇప్పుడు మౌనిక అనే అమ్మాయి కూర్చుంటోంది. చురుకైన పిల్ల. పోయిన వారం ఫోన్ చేసింది.

"సార్, మీ షీటు చివర్ల 'అడిగినవా?' అని ఒక గడి ఉంది. అండ్ల చేత్తో ఏదో ఒకటి రాస్తే గానీ రిపోర్టు ముందుకు పోతలేదు. మిగతాదంతా దానంతట అదే అయితుంది. ఈ ఒక్క గడి తీసేయనా?"

"ఎందుకమ్మా, అదేమన్న నిన్ను అన్నం అడుగుతుందా?"

"అన్నం అడగదు సార్, టైం అడుగుతుంది."

జవాబు బాగుంది. నా కుర్చీ సరైన మనిషికే దక్కిందనుకున్నాను. కానీ ఆ గడి కథ ఫోన్లో చెప్తే నా చాయ్, ఆమె చాయ్ రెండూ చల్లారిపోతాయి. అందుకని రాస్తున్నాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లు ఎవరైనా చదువుకోవచ్చు. ప్రమోషన్ల సంగతి ఇందులో వెతక్కండి. నాకు వచ్చిన ప్రమోషన్ ఒక్కటే, ప్లాస్టిక్ కుర్చీ నుంచి తిరిగే కుర్చీకి. అది కూడా ఒక పక్కకే తిరిగేది.

ఎనిమిదో తరగతి పండితుడు

ఎనిమిదిలో ఉండగా లెక్కల సారుకూ నాకూ పొసగలేదు. "రేపటి నుంచి బడికి రాకు" అన్నాడాయన. రేపటి దాకా ఆయన్ను ఇబ్బంది పెట్టడమెందుకని ఆ మధ్యాహ్నమే వచ్చేశాను. ఆ తర్వాత ముప్పై ఏళ్లకు పైగా లెక్కలతోనే బతికాను. ఆయనకు ఈ సంగతి తెలిస్తే నవ్వుతాడో, ఏడుస్తాడో తెలియదు.

గద్వాలలో ఒక జిరాక్స్ దుకాణంలో చేరి, పెండ్లి పత్రికలు కొడుతూ కంప్యూటర్ నేర్చుకున్నాను. ఒకసారి వరుడి పేరు ఉండాల్సిన చోట వరుడి తమ్ముడి పేరు పడింది. రెండు కుటుంబాలూ కలిసి దుకాణానికి వచ్చాయి. ఆ సంబంధంలో రెండు వైపులవాళ్లూ ఒకే మాట మీద ఉన్నది ఆ ఒక్క రోజేనని తర్వాత తెలిసింది. తప్పు మాది కాదు, వాళ్లు రాసిచ్చిన కాగితంలోనే ఉంది. కానీ ఆ కాగితాన్ని నేను చించి చెత్తబుట్టలో వేశాను. ఆ రోజు నుంచి పనికిరాదనుకున్న కాపీని కూడా చించకుండా దాచడం అలవాటైంది. నేను చెప్పబోయే కథలో నన్ను గట్టెక్కించింది ఆ అలవాటే, చదువు కాదు.

దుకాణం మూతపడ్డాక వనపర్తిలో ఒక స్వచ్ఛంద సంస్థలో కంప్యూటర్ ఆపరేటర్‌గా కుదిరాను. మా సంస్థ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల ఊళ్లలో ఆడవాళ్లకు చిన్న చిన్న వైద్య సంగతులు నేర్పి, ఊరికొకరికి మందుల పెట్టె ఇస్తుంది. జ్వరం గోలీలు, విరేచనాలకు ఉప్పు చక్కెర పొట్లాలు, కట్టు గుడ్డ, అలాంటివి. దవాఖాన దూరమైన చోట ఆ పెట్టే దవాఖాన. పెట్టె ఉంచుకోవాలంటే మూడు నెలలకొకసారి కొత్త పాఠాలు నేర్చుకుని పరీక్ష రాయాలి. రాయకపోతే పెట్టె వెనక్కి తీసుకుంటారు. అది న్యాయమైన నియమమే. నేర్చుకోని చేతిలో గోలీ ఉండకూడదు.

సింక్ అనే యంత్రపు పని

మొదట్లో పాఠాలు వనపర్తి హాల్లో జరిగేవి. వచ్చినవాళ్లు రిజిస్టర్లో సంతకాలు పెట్టేవాళ్లు. రానివాళ్లవి కూడా పడేవి, ఎలాగో నన్నడగకండి. తర్వాత పాఠాలు ఫోన్లోకి వచ్చాయి. పాఠం విని, పరీక్ష రాస్తే ఆ సంగతిని ఫోను గుర్తు పెట్టుకుంటుంది. సిగ్నల్ దొరకగానే హైదరాబాదులోని పెద్ద మిషన్‌కు పంపుతుంది. అక్కడి నుంచి నాలుగు గంటలకొకసారి నా షీటులోకి వచ్చి పడుతుంది. షీటు నుంచి సోమవారం పొద్దున రిపోర్టు తయారై అందరికీ వెళ్లిపోతుంది. ఎక్కడా మనిషి చెయ్యి పడదు. ఈ అన్నిచోట్లా ఒకే మాట ఉండేలా చూడటాన్నే సింక్ అంటారు.

మా పై అధికారి సుజాత మేడంకు నేను దాన్ని ఇట్లా వివరించాను: "మేడం, ఆరుగురు తోటికోడండ్లు ఒక్క మాట మీద ఉన్నట్టు."

"అట్ల ఎప్పుడన్న చూసినవా నర్సిములూ?"

"చూడలేదు మేడం. అందుకే మిషన్‌కు అప్పజెప్పిన్రు."

సుజాత మేడం ఒకప్పుడు నర్సు. జ్వరాన్ని కాగితం మీద చూసి నమ్మే మనిషి కాదు, నుదుటి మీద చెయ్యి పెట్టి చూడాలి. నా రిపోర్టులను కూడా అలాగే చూసేది. పేరు మీద వేలు పెట్టి "ఈమె ఎవరు?" అనేది. నాకు ఒళ్లు మండేది. మూడు జిల్లాల్లో ఇంతమంది ఉంటే ఈమె ఎవరో, ఆమె ఎవరో నాకేం తెలుసు? వరస నంబరు తెలుసు.

సింక్ వచ్చిన కొత్తలో తమాషాలు చాలా చూశాను. అమరచింతలో ఒకావిడ ఫోనులో తేదీ తప్పుగా ఉండి, ఆమె పుట్టకముందే పరీక్ష పాసైనట్టు వచ్చింది. ఫోన్ చేసి అభినందించాను. "మా అత్తకు చెప్పు సారు, నేనంటే విలువ లేదు ఆమెకు" అంది. తెలకపల్లిలో ఒక ట్రాక్టర్ డ్రైవరు భార్య పేరు మీద తనే పరీక్ష రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాడు. భార్యకు తెలిసి, "కాన్పు గురించి నువ్వేం రాసినవ్, నీకేం తెలుసు?" అని నిలదీసి, మళ్లీ తనే రాసింది. ఆమెకు ఇంకా ఎక్కువ వచ్చాయి. అతను తర్వాత మా ఆఫీసు ముందు నుంచి పోతూ నన్ను చూస్తే ట్రాక్టరు వేగం పెంచేవాడు.

శాలువా కప్పించుకున్న తెలివి

అసలు తలనొప్పి పాస్‌వర్డ్‌లతో వచ్చింది. మరిచిపోయిన ప్రతిసారీ కొత్తగా పేరు నమోదు చేసుకునేవాళ్లు. గద్వాల వైపు ఒకావిడ తొమ్మిదిసార్లు నమోదైంది. ఒకసారి ఇంటిపేరుతో, ఒకసారి లేకుండా, ఒకసారి పుట్టింటి ఇంటిపేరుతో. రిపోర్టులో ఆమె ఒక్కతే ఒక చిన్న ఊరంత ఉండేది. ఏరి తీసి ఏరి తీసి నా కండ్లు మసకబారాయి.

అప్పుడు నేనొక ఉపాయం చేశాను. పేరు మారుతుంది, ఇంటిపేరు మారుతుంది, ఫోన్ నంబరు మారదు కదా. ఒక నంబరంటే ఒక మనిషి. ఒకే నంబరు మీద ఎన్ని పేర్లు వచ్చినా, ముందుగా పరీక్ష ముగించిన పేరును ఉంచి మిగతావి పక్కకు తీసెయ్యమని షీటుకు చెప్పాను. అంతటితో ఆగలేదు. పరీక్ష గడువు దాటాక మూడు సోమవారాలు వరసగా సున్నా ఉన్నవాళ్ల, అంటే పెట్టె వెనక్కి తేవాల్సినవాళ్ల జాబితా దానంతట అదే తయారవుతుంది. మొదటి సున్నా నుంచే ఆ మనిషి ఫోనుకు ప్రతి సోమవారం హెచ్చరిక మెసేజ్ దానంతట అదే పోతుంది. నా పని ఇక చాయ్ తాగడమే.

హైదరాబాదు ఆఫీసువాళ్లు మురిసిపోయారు. ఇంత శుభ్రమైన డేటా ఎక్కడా చూడలేదన్నారు. రెండో వారమే, నడి ఎండాకాలంలో పిలిచి శాలువా కప్పారు. ఉక్కపోతలో శాలువాతో గంటసేపు నిలబడ్డాను. తెలివికి ఫలితం చెమట అని అప్పుడే అర్థం కావాల్సింది.

నా ఉపాయం పెట్టిన మూడో సోమవారం, మేడం జాబితా ప్రింటు తీయించి చదువుతోంది. చివర్లో ఐదు పేర్లు నల్లమల పెంటలవి. పెంట అంటే అడవిలో చెంచుల చిన్న ఆవాసం, పది పదిహేను గుడిసెలు ఉంటాయి. మేడం వేలు ఆగింది.

"ఈదమ్మ. ఈదమ్మకు సున్నా ఏంది?"

"పరీక్ష రాయలేదు మేడం."

"పాము కాటుకు ఏం చెయ్యాల్నో హాల్ల నేను చెప్తుంటే, నేను మరిచిన ముక్క ఆమె చెప్పింది. గామె పరీక్ష రాయలేదా?"

"మిషన్ అబద్ధం చెప్పదు మేడం."

"మిషన్ చెప్పదు. నువ్వు దానికి ఏం చెప్పినవ్?"

నాకు రోషం వచ్చింది. శాలువా కప్పించుకున్న మనిషిని. "పెట్టె నేనే పోయి తెస్త. అడిగి మరీ తెస్త" అన్నాను. జాబితా అందిన మర్నాడే ఆ ఐదు పెట్టెల్లో రెండు మా ఫీల్డ్ మనిషి బాలయ్య తెచ్చేశాడు. ఎప్పుడు పొమ్మంటావని అతన్ని అడిగితే, "గురువారం పోదాం అన్నా, మిగతా దినాలు ఈదమ్మ ఫోను కలువదు" అన్నాడు. ఎందుకు కలవదో నేను అడగలేదు. అడగడం అప్పటికి నా పని కాదు.

బండ మీద గురువారం

గురువారం పొద్దున బాలయ్య బండి వెనక కూర్చుని నాగర్‌కర్నూల్ మీదుగా అడవిలోకి వెళ్లాం. చెక్‌పోస్టు దాటి చాలాసేపు పోయాక దారి సన్నబడింది, తర్వాత బండి పోయే దారే లేదు. అరగంట నడిచాం. కుర్చీలో బతికిన నడుము నాది, ప్రతి రాయికీ ఒక మాట చెప్పుకుంటూ వచ్చింది.

పెంట పక్కన ఎత్తుగా ఒక బండ ఉంది. దాని మీద ఆరుగురు ఆడవాళ్లు గుండ్రంగా కూర్చున్నారు. నడుమ ఒక రాయికి ఆనించి ఒక ఫోను. ఫోనులోంచి మా పాఠం చెప్పే అమ్మాయి గొంతు వినిపిస్తోంది. ఆమె ఒక వాక్యం చెప్పగానే ఒకామె ఆపి, మిగతావాళ్లకు తమ మాటల్లో చెప్తోంది. ఆమే ఈదమ్మ. నలభై ఏళ్లుంటాయి. నన్ను చూసి లేచి, గుడిసెలోకి పోయి, గుడ్డలో మూటగట్టిన మందుల పెట్టె తెచ్చి నా ముందు పెట్టింది.

"దీనికోసమే కదా సారు. తుడిచి పెట్టిన. చూసుకో."

నేను చెయ్యి చాపాను. ఆమె మూట మీద నుంచి చెయ్యి తీయలేదు.

"ఒక్క మాట సారు. ఆ గుడిసెల చంటిదానికి విరేచనాలైనయి. జింక్ గోలీలు వేస్తున్న. పద్నాలుగు దినాలు వెయ్యాలె, పది అయినయి. ఈ నాలుగు గోలీలు తీసి పెట్టుకున్న, నా దగ్గర ఉంచుకుంట. పెట్టె తీస్కపో."

గుడిసె గోడ మీద బొగ్గుతో గీసిన పది గీతలు చూపించింది. నేను నా తెలివి చూపించాను. "విరేచనాలు ఆగినయా?"

"ఆరో దినమే ఆగినయి."

"మరి ఇంకెందుకు?"

ఆమె నన్ను జాలిగా చూసింది. "ఆగినా ఆపొద్దు సారు. నాలుగో పాఠంల చెప్పిన్రు కదా. నువ్వు వినలేదా?"

ఆరుగురూ నవ్వారు. బాలయ్య అడవి వైపు తిరిగి నవ్వాడు. నేను నిజంగానే వినలేదు. ఆ పాఠాల డేటా మొత్తం నా చేతుల మీదుగా పోయింది, ఒక్క పాఠం కూడా నా చెవిలోకి పోలేదు.

"నాలుగో పాఠం నువ్వు చూసినవా?" అన్నాను.

"మూడుసార్లు."

"మూడుసార్లు ఎందుకు?"

"ఒకసారి పరీక్ష రాసినం. రాయలేదని మెసేజ్ వచ్చింది. మేమే ఏదో తప్పు చేసినమని మళ్ల మొదటినుంచి చదివి రాసినం. మళ్ల వచ్చింది. మళ్ల రాసినం. నాకైతే మొదటిసారే అర్థమైంది సారు, నీ మిషన్‌కే అర్థమైతలేదు."

అప్పుడు నేను బండ మీద కూర్చుని, వచ్చిన పని పక్కన పెట్టి, అడగడం మొదలుపెట్టాను. ఆరు పెంటలకు ఆరుగురు. పాఠాలు నడిచే ఫోను ఈదమ్మది ఒక్కటే. సిగ్నల్ ఈ బండ మీద ఒక్కచోటే. గురువారం గురువారం అందరూ నడిచి వస్తారు. పాఠం కలిసి వింటారు, పరీక్ష ఎవరిది వాళ్లు, ఎవరి పేరు మీద వాళ్లు రాస్తారు.

"ముందు ఎవరు రాస్తరు?"

"లింగమ్మ" అని చివర కూర్చున్న పెద్దామెను చూపించింది. "ఆమెది అందరికన్న దూరం పెంట. పొద్దు పోకముందు చేరాలె. ఆమె వెనుక మిగతావాళ్లు, దూరం చూసి. నాది ఇక్కడనే ఇల్లు, నాకేం తొందర? నేను ఆఖర్కి."

ఒక నంబరంటే ఒక మనిషి. ముందు ముగించిన పేరే ఉంచు. నా షీటు నేను చెప్పినట్టే విన్నది. ఇంటికి వచ్చినవాళ్లను ముందు పంపించి ఆఖరున నిలబడినందుకు, తన సొంత ఫోను మీదే ఈదమ్మ లేకుండా పోయింది.

"మెసేజ్‌లు ఎవరికి వచ్చినయి?" అని అడిగాను, జవాబు తెలిసే.

"ఐదుగురివీ నాకే. ఇదొక్కటే ఫోను కదా. ఒక్కొక్కలది సదివి చెప్పిన. నాది ఆఖర్కి సదువుకున్న."

పెట్టెలు పోయిన రెండు పెంటలవాళ్లు ఏం చేస్తున్నారని కూడా అడిగాను. మందుకు ఈదమ్మ దగ్గరికే నడిచి వస్తున్నారట. అంటే నేను తీసుకుపోవడానికి వచ్చింది ఒక పెంట పెట్టె కాదు, మూడు పెంటలది.

మేడం మీద, మిషన్ మీద, సిగ్నల్ మీద నెట్టేయడానికి నా దగ్గర మాటలు లేకపోలేదు. మాటలతోనే బతికినవాణ్ణి. కానీ ఆ గోడ మీద గీతలు ఎదురుగా కనిపిస్తున్నాయి.

"తప్పు మిషన్‌ది కాదు ఈదమ్మా. ఒక నంబరుకు ఒక్కలే ఉంటరని దానికి నేనే చెప్పిన."

లింగమ్మ నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగింది. "మరి ఇంట్ల ఒక్క కుండ ఉంటే ఒక్కలే తింటరా సారు, మీ దిక్కు?"

మూటను ఈదమ్మ వైపు జరిపాను. ఆమె ముడి విప్పి, చేతిలో పట్టుకున్న నాలుగు గోలీలను మళ్లీ పెట్టెలో పెట్టింది. తర్వాత నన్ను కూడా కూర్చోబెట్టి నాలుగో పాఠం వినిపించింది. నడుమ నడుమ ఆపి, అర్థమైందా అని అడిగింది.

చెత్తలో దొరికింది

మర్నాడు ఆఫీసుకు పోయి, నా షీటు పక్కకు తీసేసిన వరసలు తెరిచాను. నేను దేన్నీ పూర్తిగా చెరపను కదా, పెండ్లి పత్రిక నాటి భయం. అన్నీ అక్కడే ఉన్నాయి. ఐదుగురు, మూడుసార్లు, పదిహేను పరీక్షలు, ఒక్కదాంట్లో కూడా ఫెయిల్ లేదు. ఈదమ్మ పేరు ప్రతిసారీ అడుగున.

మేడం చూసింది. తిట్టలేదు. తిడితే బాగుండేది. "శాలువా ఏడ పెట్టినవ్?" అని మాత్రం అడిగింది.

"బీరువాల ఉంది మేడం."

"ఉండనియ్యి. తీసినప్పుడల్లా యాదికొస్తది."

బాలయ్య తెచ్చిన ఆ రెండు పెట్టెలూ నేనే మోసుకుపోయి ఇచ్చి వచ్చాను. నడుము మళ్లీ దారి పొడుగునా మాట్లాడింది, ఈసారి నేను ఎదురు చెప్పలేదు. ఫోన్ నంబరును బట్టి కాకుండా, పెట్టె ఇచ్చేటప్పుడు మనిషికి ఇచ్చిన గుర్తింపు సంఖ్యను బట్టి లెక్క తీసేలా షీటు మార్చాను. హెచ్చరిక మెసేజ్ దానంతట అది పోవడం ఆపేశాను. ఎవరి పేరు పక్కన సున్నా వచ్చినా, ఆ మనిషితో మాట్లాడి, ఏమన్నదో చేత్తో రాస్తే గానీ రిపోర్టు కదలకుండా ఒక గడి పెట్టాను. మౌనికా, అదే ఆ గడి.

సింక్ మీద నాకు కోపం లేదని ఇది చదివేవాళ్లు గ్రహించాలి. రిజిస్టర్ల కాలం మళ్లీ రావాలని నేను కోరుకోను, ఆ సంతకాల సంగతి నాకు తెలుసు. ఆ మిషన్ ఈదమ్మ పరీక్షను మూడుసార్లు మోసుకొచ్చింది, ఒక్కసారి కూడా దారిలో పోగొట్టలేదు. గడప దగ్గర ఆపింది నేను. అంకెలు తప్పు వస్తే పట్టుకోవడం సులువు. అంకెలు మరీ శుభ్రంగా వచ్చినప్పుడే జర భయపడండి. పల్లెల్లో ఏదీ అంత శుభ్రంగా ఉండదు. ఫోను పంచుకుంటారు, చెప్పులు పంచుకుంటారు, పాఠం కూడా పంచుకుంటారు. మన షీటులో దానికి చోటు లేకపోతే లోపం వాళ్లది కాదు. ఇంకో మాట, మీ చేతుల మీదుగా పోయే పాఠాలు మీరూ ఒకసారి వినండి. నాలా అడవి దాకా పోయి వినాల్సి రావొద్దు.

పదవీ విరమణ రోజున ఆఫీసులో కుర్చీకి దండ వేసి, నాకు వేయడం మరిచిపోయారు. అప్పుడే ఫోను మోగింది. గురువారం.

"సారు, నువ్వు కూడ పెట్టె వాపస్ ఇచ్చేసినవంట?" ఈదమ్మ గొంతు. వెనక ఐదుగురి నవ్వులు.

"ఇచ్చేసిన ఈదమ్మా. వయసైపోయింది."

"మళ్ల మూడుసార్లు పరీక్ష రాసి చూడకపోయినవా?"

కాబట్టి మౌనికా, షీటు ఇప్పుడు నీది. గడి తీసేయాలనుకుంటే తీసెయ్యి, నేను అడ్డం రాను. తీసే ముందు ఒక్కసారి ఈదమ్మను అడుగు. గురువారం మధ్యాహ్నం చెయ్యి, బండ మీద ఉంటుంది. నంబరు షీటులోనే ఉంది. ఆరు పేర్ల పక్కనా ఆ ఒక్క నంబరే ఉంటుంది. ఏ పేరు నొక్కినా ఆమే ఎత్తుతుంది.